అమెరికానా, రష్యానా? 50 శాతం సుంకం వేళ స్టూడియో చర్చ

(2025 ఆగస్టు 27 రాత్రి చర్చ, మాట్లాడింది మాట్లాడినట్టు)

యాంకర్: నమస్కారం. ఈరోజు నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం. 25 ముందే ఉంది, రష్యా చమురు కొంటున్నామని ఇంకో 25. స్టూడియోలో వైమానిక దళం మాజీ అధికారి, అంతర్జాతీయ సంబంధాల ప్రొఫెసర్ ఉన్నారు. భీమవరం నుంచి ఫోన్లో రొయ్యల రైతు. అందరికీ సమానంగా సమయం ఇస్తాం. మేడమ్, సూటిగా అడుగుతున్నా. నమ్మదగింది అమెరికానా, రష్యానా?

ప్రొఫెసర్: ఒకరినే ఎంచుకోవడంలో ఉందండీ చిక్కంతా. 1965లో పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం కింద గోధుమల ఓడ వస్తేనే మనకు తిండి. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆ గోధుమల్ని నెలకింతని తూచి వదిలారు. శాస్త్రి గారు సోమవారం రాత్రి భోజనం మానమని జనాన్ని...

మాజీ అధికారి: అడగాల్సి వచ్చింది! తర్వాత గోధుమ మనమే పండించుకున్నాం. తిండి సంగతి తేలింది మేడమ్, ఆయుధాల సంగతే తేలలేదు. 1971 ఆగస్టులో సోవియట్‌తో ఒప్పందం చేసుకున్నాం. డిసెంబరులో పాకిస్థాన్‌తో యుద్ధం వేళ అమెరికా ఎంటర్‌ప్రైజ్ నౌకను బంగాళాఖాతానికి పంపితే ఆ ఒప్పందమే మనకు అండ.

యాంకర్: పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది కూడా అప్పుడే కదా సార్, మన విశాఖ దగ్గర!

మాజీ అధికారి: అవునండీ, మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. అదో పెద్ద కథ...

ప్రొఫెసర్: మనం సుంకాల గురించి కదా...

మాజీ అధికారి: వస్తున్నా మేడమ్. 1991లో ఆ సోవియటే లేకుండా పోయింది. మన రవాణా విమానం ఏఎన్-32 ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో పుట్టిన విమానం. ఒక సామాను రష్యాలో, ఇంకోటి ఉక్రెయిన్‌లో. విడిభాగం లేకపోతే విమానం షెడ్డులో ఉన్నట్టే. పానా మన చేతిలో లేనంతకాలం విమానం మనది కాదు!

యాంకర్: అంటే రష్యాను నమ్మొద్దు, అమెరికానే నయం అంటారా?

మాజీ అధికారి: ఎక్కడ నయమండీ? 2021లో 83 తేజస్ మార్క్-1ఏ యుద్ధవిమానాలకు ఆర్డరిచ్చాం. ఇంజన్లు అమెరికా కంపెనీ జీఈవి, 99. మొదటిది వచ్చింది ఈ మార్చిలో! ఒక్క మార్క్-1ఏ కూడా ఇంకా దళానికి చేరలేదు. రష్యా క్షిపణి రక్షణ వ్యవస్థ ఎస్-400కి 2018లో సంతకం చేశాం. అయిదింట్లో మూడొచ్చాయి, ఉక్రెయిన్ యుద్ధంతో రెండు ఆగాయి. అటూ అంతే, ఇటూ అంతే.

ప్రొఫెసర్: కానీ తగ్గించుకుంటున్నాం. స్టాక్‌హోమ్ ఆయుధ వ్యాపారం లెక్కలు తీసే సంస్థ సిప్రి లెక్క చూడండి. మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2010-14లో 72 శాతం, 2020-24లో 36. ఫ్రాన్స్ దాదాపు...

మాజీ అధికారి: తగ్గించుకోవడం కాదు మేడమ్, రెండు అంగళ్ళలో అరువు పెట్టడం! పానా ఎవరి దగ్గరుంది?

యాంకర్: భీమవరం వెళ్దాం. రైతు గారూ, అమెరికా మోసం చేసిందంటారా?

రైతు: మోసమో కాదో నాకు తెలీదండీ. మన రొయ్య ఎక్కువ పోయేది అక్కడికే. సుంకం మాట వినగానే ఇక్కడ కౌంటు రేటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధర, పడగొట్టేశారు. ఈక్వడార్‌కి 15 శాతమే అంటున్నారు, వాళ్ళతో ఎట్టా నిలబడతాం? సరుకు చెరువులో ఆపుదామంటే మేత వేయాలి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిప్పాలి. ఒక్కడికే అమ్మడం మా తప్పా, వేరే దారి చూపనివాళ్ళ...

మాజీ అధికారి: నేను చెప్పేదీ అదే! రాకెట్‌కు వాడే క్రయోజెనిక్ ఇంజన్ చూడండి. ఇస్తామన్న రష్యా, అమెరికా ఒత్తిడితో 1993లో సాంకేతికత ఇవ్వలేమంది. మన ఇంజన్‌తో జీఎస్ఎల్వీ రాకెట్ ఎగిరింది 2014 జనవరిలో! ఇరవై ఏళ్ళు పట్టింది, కానీ మనది. రొయ్య అయినా, రాకెట్టయినా...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

ప్రొఫెసర్: రాకెట్‌కు ఇరవై ఏళ్ళు ఆగొచ్చు, రొయ్య ఆగదండీ! చమురు సంగతీ చూడండి. 2022కి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపు, ఇప్పుడు మూడో వంతు. అదీ ఒకరి మీద ఆధారమే...

మాజీ అధికారి: చవకగా ఇచ్చాడు, కొన్నాం. తప్పేముంది? ముందు ఇంజన్ సంగతి తేల్చండి!

యాంకర్: సార్ చెప్పింది ఆలోచించాల్సిన విషయం. చివరగా సార్, ఒక్క మాటలో, అమెరికానా, రష్యానా?

మాజీ అధికారి: మన పానా, మన ఇంజన్. ఎన్నిసార్లడిగినా ఇదే చెబుతా.

రైతు: అయ్యా, నాకు వచ్చే నెల రొయ్యల పట్టుబడి ఉంది. ఎవరికి అమ్మమంటారు?

యాంకర్: రైతు గారూ, సమయం అయిపోయిందండీ. నమస్కారం.