రెండు రోజుల బెజవాడ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు మనతో ఇద్దరున్నారు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌గా చేస్తున్న మేడమ్, మన ఊళ్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. మేడమ్, సెలవు దొరికితే అందరూ గోవా అంటారు. మీరేమో బెజవాడ వచ్చారు!

టీమ్ లీడ్: గోవా అంటే టికెట్లు, హోటళ్లు, ప్లానింగ్... మళ్లీ అదో ప్రాజెక్టు అండీ. నెల రోజులుగా అర్ధరాత్రి దాకా కాల్సే. శుక్రవారం రాత్రి బస్సెక్కాను, తెల్లారేసరికి నెహ్రూ బస్టాండ్‌లో దిగాను. లాప్‌టాప్ ఇంట్లోనే వదిలేశాను. నా పని ఎవరు చూడాలో ముందే అప్పజెప్పి వచ్చాను. అది చెయ్యకపోతే మనిషి ఇక్కడ, మనసు ఆఫీసులో.

మాస్టారు: ముందు ఎక్కడికి వెళ్లావమ్మా?

టీమ్ లీడ్: మొదటిరోజు తప్పు చేశాను మాస్టారూ. దుర్గ గుడి, ఉండవల్లి, మంగళగిరి, కొండపల్లి, అన్నీ ఒక్కరోజులో చూసేద్దామనుకున్నా. ఆటోలో కూర్చుని మాటిమాటికీ టైమ్ చూసుకోవడమే. ఉండవల్లి చేరేసరికి విసుగొచ్చింది. ఇంక ఎక్కడికీ వెళ్లనని అక్కడే ఆగిపోయాను.

మాస్టారు: మంచిచోట ఆగావు. ఒక్క కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామిని పాదాల నుంచి శిరస్సు దాకా నడుచుకుంటూ చూడాలి. పరుగుపెడితే కనపడడు.

టీమ్ లీడ్: అలాగే చూశాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా పచ్చటి పొలాలు. గంటన్నర కూర్చున్నా, ఫోన్ గుర్తురాలేదు.

వ్యాఖ్యాత: రెండోరోజు?

టీమ్ లీడ్: పొద్దున గాంధీనగర్‌లో నెయ్యి, కారప్పొడితో ఇడ్లీ. సాయంత్రం పున్నమి ఘాట్. అంతే. కృష్ణ అంత నిశ్చలంగా ఉంటుందనుకోలేదు.

మాస్టారు: అది బ్యారేజీ పుణ్యం. 1855 నాటి పాత ఆనకట్ట 1952లో తెగిపోయింది. దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువలకు నీరు అందాలంటే మట్టం నిలవాలి కదా, గేట్లు దించి ఆపుతారు. అందుకే ఎగువన చెరువులా ఉంటుంది. గేట్లెత్తిన రోజున చూడు, అదే కృష్ణ హోరెత్తిపోతుంది. వరదప్పుడు భవానీ ద్వీపానికి పడవలు కూడా ఆపేస్తారు.

వ్యాఖ్యాత: మరి ఎప్పుడు రమ్మంటారు?

మాస్టారు: నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు. మే నెల ఎండలో మాత్రం నేనెవర్నీ రమ్మనను. ప్రశాంతత కావాలంటే దసరా రోజులూ వద్దు, అప్పుడు ఊరంతా జనమే. కానీ అమ్మా, కొండపల్లి చూడకుండా వెళ్లిపోవడం నాకు నచ్చలేదు.

టీమ్ లీడ్: రోజుకు ఒక్క చోటే మాస్టారూ. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే నాకది సెలవు కాదు.

మాస్టారు: సరే, ఒప్పుకుంటా. అయితే ఒకరోజు మొత్తం కొండపల్లికే ఇవ్వు. అక్కడ బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క ఎంత తేలికో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది.

టీమ్ లీడ్: సంక్రాంతి అయ్యాక అమ్మను తీసుకొస్తాను. ఆవిడ పెళ్లిలో ఇచ్చిన కొండపల్లి బొమ్మకు చెయ్యి విరిగింది. బాగుచేస్తారా?

మాస్టారు: తీసుకురా. బొమ్మలు చెక్కేవాళ్ల ఇంటికి నేనే వెంటబెట్టుకెళ్తాను.