కాలువ కట్ట దాకా పథకాలు ఎందుకు రావు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. విజయవాడ స్టూడియో నుంచి మాట్లాడుతున్నాను. గిరిజనులకూ మిగతా పౌరులకూ మధ్య ఉన్న అంతరాన్ని తగ్గించడానికి ప్రభుత్వాలు చట్టాలు చేశాయి, పథకాలు పెట్టాయి. మన కృష్ణా, గుంటూరు ప్రాంతంలో ఉన్న యానాదులు, ఎరుకలు, సుగాలీలకు వాటిలో ఏవి అందుతున్నాయన్నది ఈ రోజు అంశం. గిరిజనుల కేసులు చూసే న్యాయవాది మనతో ఉన్నారు. మొదటి ఫోను తెనాలి వైపు నుంచి. చెప్పండి అన్నా.

మొదటి శ్రోత: నమస్కారం మేడమ్. మేము యానాదులం, కాలువ కట్ట మీద ఉంటాము. మా అమ్మాయిని ఆరో తరగతికి గిరిజన గురుకులంలో చేర్పించాలంటే కుల ధ్రువీకరణ పత్రం అడిగారు. దరఖాస్తు పెట్టబోతే ఇంటి నంబరు ఏదన్నారు, మా నాన్న చదివిన బడి కాగితం తెమ్మన్నారు. మా నాన్న బడి మెట్టు ఎక్కలేదు మేడమ్. వరి పొలంలో ఎలుకలు పడితే ఊరంతా మా ఇంటికే కబురు పెడుతుంది. కుండలో గడ్డి రాజేసి బొరియలోకి పొగ ఊదడం మాకు తప్ప ఇక్కడ ఎవరికీ చేతకాదు. మేము ఎవరమో ఊరికి తెలుసు, ఆఫీసుకే తెలియదు.

న్యాయవాది: ఆ మాటే రాతపూర్వకంగా చెప్పించాలి అన్నా. కుల పత్రాలు 1993 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఇస్తారు. తండ్రి బడికి వెళ్లలేదన్న ఒక్క కారణంతో పిల్లను గిరిజనురాలు కాదనడానికి వీల్లేదు. మీ అన్నదమ్ముల్లో, మేనత్త, మేనమామల పిల్లల్లో ఎవరికైనా ఎస్టీ పత్రం ఉంటే దాని నకలు జత చేయండి. స్థానికంగా విచారణ చేయమని దరఖాస్తులోనే రాయండి. నోటిమాటతో వెనక్కి పంపితే ఉత్త చేతులతో వచ్చేయవద్దు. దరఖాస్తు తీసుకొని రశీదు ఇమ్మనండి, తిరస్కరిస్తే కారణం రాసి ఇమ్మనండి. కారణం కాగితం మీద ఉంటేనే పై అధికారికి అప్పీలు చేయగలం. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. మధ్యవర్తికి మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మొదటి శ్రోత: టీవీలో గిరిజనులకు వేల కోట్లు అంటున్నారు కదా మేడమ్. అందులో మాకేమీ రాదా?

న్యాయవాది: వినడానికి బాగుండదు కానీ ఉన్నమాట చెబుతాను. 2023 నవంబరులో పీఎం జన్‌మన్ మొదలైంది, 24,104 కోట్లు. అది చెంచు, కొండరెడ్డి వంటి బాగా వెనుకబడిన 75 తెగలకే. యానాదులు ఆ జాబితాలో లేరు. 2024 అక్టోబరులో ధర్తీ ఆబా పథకం వచ్చింది, 79,156 కోట్లు. అది ప్రధానంగా గిరిజనులు ఎక్కువగా ఉన్న గ్రామాలకు. గిరిజన పిల్లల కోసం కేంద్రం పెట్టే ఏకలవ్య గురుకుల పాఠశాల కావాలంటే మండల జనాభాలో సగానికి పైగా గిరిజనులు ఉండాలి, వాళ్ల సంఖ్య 20 వేలు దాటాలి. మన డెల్టాలో యానాదులు ఎక్కడ ఉంటారు? ఊరికి పది గుడిసెలు, చెరువు గట్టున నాలుగు. ఏ ఊళ్లో లెక్క తీసినా ‘ఎక్కువ మంది’ కాలేరు. పథకం రాసేవాళ్లు అడవిని, ఏజెన్సీని దృష్టిలో పెట్టుకొని రాస్తారు. అక్కడి అవసరం కాదనలేనిది, ఇంకా పెంచాలనే అంటాను. కానీ మైదానంలో చెదిరిపోయి ఉన్నవాళ్లకు ఊరి లెక్క పనికిరాదు, కుటుంబం లెక్క కావాలి. అది జరిగేదాకా మీ కుటుంబం ఉన్నట్టు రుజువు చేసేది మీ చేతిలోని కాగితమే. అందుకే ఆ పత్రం కోసం అంత పట్టుబట్టమంటున్నాను.

వ్యాఖ్యాత: తరువాతి ఫోను విజయవాడ గవర్నర్‌పేట నుంచి.

రెండో శ్రోత: నాది కొంచెం కటువైన ప్రశ్న. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచీ ఇస్తూనే ఉన్నారు. మా అబ్బాయికి మంచి మార్కులు వచ్చినా సీటు రాలేదు. ఇంకా ఎంతకాలం?

న్యాయవాది: అడగవలసిన ప్రశ్నే అయ్యా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం, గిరిజనుల్లో 49 శాతం. మన రాష్ట్రంలో వాళ్ల రిజర్వేషన్ 6 శాతం, జనాభాలో వాళ్ల వాటా సుమారు ఐదున్నర. మీ అబ్బాయి సీటును అంత చిన్న వాటా ఎత్తుకుపోయిందంటే నేను నమ్మను. ఇక ఇస్తూనే ఉన్నారన్న మాట. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది కదా, అది ఎరుకల కుటుంబాలను బలవంతంగా ఉంచడానికి బ్రిటిషువాళ్లు పెట్టిన సెటిల్‌మెంటు. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది, 1911 తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. పుట్టిన కులాన్ని బట్టి మనిషి పేరు నమోదు చేసి హాజరు తీసుకునేవారు. దేశమంతటా అది పూర్తిగా రద్దయింది 1952లో. అంటే ఈ అంతరంలో కొంత భాగాన్ని ప్రభుత్వమే చట్టం చేసి మరీ తయారుచేసింది. బడ్జెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు విడిగా వాటా పెట్టాలనే ఉపప్రణాళిక చట్టం మనకు 2013లో వచ్చింది, 2023లో మరో పదేళ్లు పొడిగించారు. జనాభా నిష్పత్తిలో నిధులు ఇవ్వాలి, ఇవ్వకపోతే నిలదీయవచ్చు. అయితే అందరికీ వర్తించే పథకాల ఖర్చులోనే వాళ్ల వాటా చూపించి లెక్క సరిపెడతారన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది. మీ కోపాన్ని ఆ బడ్జెట్ పుస్తకం వైపు తిప్పండి, నేనూ మీతో కలుస్తాను.

రెండో శ్రోత: ఆలోచిస్తాను మేడమ్.

వ్యాఖ్యాత: ఒప్పుకోలేదు కానీ ఫోను పెట్టేయలేదు, సంతోషం. ఇప్పుడు దివిసీమ నుంచి ఒక సోదరి.

మూడో శ్రోత: మేడమ్, మా ఊరి దగ్గర రొయ్యల చెరువు మీద ఒక యానాది కుటుంబం కాపలా ఉంటోంది...

న్యాయవాది: అక్కా, ఊరి పేరు గానీ చెరువు వాళ్ల పేరు గానీ చెప్పవద్దు. ప్రసారంలో వెళుతుంది.

మూడో శ్రోత: సరే. రెండేళ్ల కిందట పెళ్లి ఖర్చుకు అడ్వాన్సు తీసుకున్నారు. రాత్రంతా చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు చూసుకోవాలి, పగలు మేత చల్లాలి, భార్య కూడా పనిచేస్తుంది. జీతమంతా బాకీలోకే పోతోంది. చుట్టం చనిపోతే వెళ్లనివ్వలేదు. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. పిల్లాడు బడికి పోవడం లేదు.

న్యాయవాది: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది వెట్టిచాకిరి. 1976 చట్టం ప్రకారం ఆ బాకీ రద్దయినట్టే, ఆ వేలిముద్ర కాగితానికి విలువ లేదు. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఇది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవలసింది అప్పు ఇచ్చిన ఆసామే, కూలివాడు కాదు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం బలవంతపు చాకిరేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. కాబట్టి ‘జీతం ఇస్తున్నాం కదా’ అన్న సాకు చెల్లదు. మీరు చెరువు దగ్గరకు వెళ్లి గొడవ పడకండి. అలా చేస్తే తెల్లారేసరికి ఆ కుటుంబాన్ని మరో చెరువుకు మార్చేస్తారు. కలెక్టరు పేరున ఫిర్యాదు రాసి నకలు ఆర్డీవోకు ఇవ్వండి, వెంటనే విచారణ చేసి విడిపించమని కోరండి. విడుదల పత్రం తప్పకుండా చేతికి తీసుకోవాలి. అది లేకపోతే పునరావాసం మాట ఎవరూ ఎత్తరు. తక్షణ సాయం 30 వేల రూపాయల వరకు వస్తుంది. పూర్తి సాయం మగవారికి లక్ష, ఆడవారికి, పిల్లలకు రెండు లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో మూడు లక్షలు. అయితే ఆ మొత్తాన్ని నేరం రుజువు కావడంతో ముడిపెట్టారు. నన్నడిగితే అక్కడే పథకం నడ్డి విరిగింది. కేసు తేలేసరికి ఈ కుటుంబం బతకడానికి మరో అడ్వాన్సు తీసుకుంటుంది. బెదిరింపులు వస్తే 14566కు ఫోను చేయండి, అది ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల ఫిర్యాదుల కోసం పెట్టిన నంబరు.

మూడో శ్రోత: నా పేరు బయటికి వస్తుందేమోనని భయం మేడమ్.

న్యాయవాది: మీరు ఒక్కరే సంతకం పెట్టవద్దు. గిరిజన సంఘం వాళ్లతో కలిసి ఇవ్వండి. ఫోను పెట్టకుండా లైన్లో ఉండండి, మా వాళ్లు మీ నంబరు తీసుకుంటారు.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. పొన్నూరు నుంచి ఆఖరి ఫోను, క్లుప్తంగా అడగండి.

నాలుగో శ్రోత: మా అమ్మకు పింఛను రావడం లేదండి. ఎస్టీలకు 50 ఏళ్లకే ఇస్తారట కదా. ఆధార్‌లో ఆమె వయసు 44 అని ఉంది. నిజానికి నా వయసే 38.

న్యాయవాది: అయితే మీ అమ్మగారికి ఆరేళ్లప్పుడు మీరు పుట్టారన్నమాట! పుట్టిన తేదీ జనవరి ఒకటి అని ఉందా?

నాలుగో శ్రోత: ఇంట్లో అందరికీ అదే తేదీ అండి.

న్యాయవాది: నమోదు చేసినవాళ్లు అందాజుగా వేసిన తేదీ అది. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి సాధారణంగా ఒక్కసారే అవకాశం ఇస్తారు, తొందరపడి వాడేయకండి. ముందు జనన ధ్రువీకరణ సంపాదించండి. పుట్టి ఏడాది దాటాక నమోదు చేయాలంటే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. మీ వయసు చూపించే కాగితం కూడా ఆ దరఖాస్తుకు జత చేయండి. కొడుకుకు 38 అయితే తల్లికి 44 ఎలా అవుతుందో వాళ్లే లెక్క వేసుకుంటారు.