విల్లు గొంతు మారితే

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఒక శబ్దం గురించి చెప్పాలి. బాణం వదిలిన మరుక్షణం విల్లు చేసే శబ్దం. మన పెద్దలు దానికి టంకారమని ఎంత చక్కని పేరు పెట్టారో! సరిగ్గా ఎక్కుపెట్టిన విల్లు "టప్" మని పొట్టిగా పలికి ఊరుకుంటుంది. నారి వదులైన విల్లు అట్లా ఊరుకోదు. "ఠంగ్...మ్మ్" అని మోగుతుంది, పిడి పట్టిన అరచేతిలో వణుకు మిగులుతుంది. ఈ పది నిమిషాల్లో ఒక్క మాట మీ చెవిన పడితే నాకు చాలు: విల్లు గొంతు మారితే ముందు నారిని కొలవండి. పిల్లను తిట్టేముందు, విల్లును మార్చేముందు, నారిని కొలవండి.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన వైపు విల్లు పట్టే పిల్లలు పెరుగుతున్నారు. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన ప్రపంచ యువ ఆర్చరీ పోటీల్లో 21 ఏళ్ల లోపు కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో బంగారు పతకం తెచ్చింది. ఆ వార్త విన్నాక హన్మకొండలోనో, జగిత్యాలలోనో, మంచిర్యాలలోనో ఒక తండ్రి బిడ్డకు విల్లు కొనిపెట్టాలనుకుంటే ఆశ్చర్యం ఏముంది? కొనడం ఒక రోజు పని. దాన్ని చూసుకోవడం రోజూ పని. కొనేటప్పుడు రంగు చూపించే దుకాణదారు నారి సంగతి చెప్పకపోవచ్చు.

ఒక ఉదాహరణ చెప్తాను, కాస్త నిదానంగా వినండి.

ఎనిమిదో తరగతి అమ్మాయి అనుకుందాం. 66 అంగుళాల రికర్వ్ విల్లు, అంటే కొసలు ముందుకు వంపు తిరిగినది. 20 పౌండ్ల బరువు, అంటే విల్లు తూకం కాదు, నారిని లాగడానికి పట్టే బలం. చెక్క పిడి, పైనా కిందా మరతో బిగించే, వంగే రెండు రెక్కలు, అంటే లింబ్‌లు. నారి కొత్తది, డాక్రాన్‌ది. మొదటి వారం అంతా బాగుంది. రెండో వారంలో అమ్మాయి విల్లు పట్టే ఎడమచేతి మీద, మణికట్టుకు కాస్త పైన, ఎర్రగా వాతలు తేలాయి. "సార్, చెయ్యికి తాడు తాకుతాంది" అంటుంది. "మోచేయి బయటికి తిప్పు బిడ్డా" అంటారు సార్. తిప్పుతుంది. అయినా తాకుతుంది. మూడో వారానికి బాణం వదిలే ముందే చెయ్యి వెనక్కి గుంజుకోవడం మొదలవుతుంది. దెబ్బ పడుతుందని తెలిసిన చెయ్యి ఇంకేం చేస్తుంది? బాణాలు గురి చుట్టూ చెదురుతాయి. ఇంటికి పోయి నాకు రాదు బాపూ అంటుంది. చాలామంది పిల్లలు విల్లు పక్కన పెట్టేది ఇక్కడే.

తప్పు అమ్మాయిది కాదు. నారి సాగింది.

డాక్రాన్ అంటే పాలిస్టర్ దారం. కొత్త నారి మొదటి 50, 100 బాణాల్లో సాగుతుంది, అది దాని గుణం. నారి సాగితే పొడవు పెరుగుతుంది, పొడవు పెరిగితే పిడికి దగ్గరగా జరుగుతుంది. పిడిలో అరచెయ్యి ఆనే లోతైన చోటి నుంచి నారి దాకా ఉండే దూరాన్ని బ్రేస్ హైట్ అంటారు. 66 అంగుళాల విల్లుకు అది ఎనిమిదిన్నర అంగుళాల దగ్గర ఉండాలి. 68కి ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిముప్పావు. ఈ అమ్మాయి విల్లును స్కేలు పెట్టి కొలిస్తే ఏడుముప్పావు! ముప్పావు అంగుళం పోయింది. ఆ ముప్పావు అంగుళం నారి మణికట్టు వైపుకు వచ్చి కూర్చుంది. వదిలిన ప్రతిసారీ చేతికి తగలక ఏం చేస్తుంది?

దీనికి రూపాయి ఖర్చు లేదు. మందు మెలికలోనే ఉంది. నారిని మెలితిప్పితే పొట్టిదవుతుంది, బ్రేస్ హైట్ పెరుగుతుంది. మెలిక విప్పితే పొడుగవుతుంది, బ్రేస్ హైట్ తగ్గుతుంది. విల్లు దించండి, కింది కొస ఉచ్చు తియ్యండి, ఐదు మెలికలు పెట్టండి, ఎక్కించి కొలవండి. చాలకపోతే ఇంకో ఐదు. ఒకేసారి ఇరవై పెట్టకండి. మెలిక ఎటు తిప్పాలంటే, నారి నడుమ చుట్టిన దారపు చుట్టు బిగిసే వైపు. ఎదురు తిప్పితే ఆ చుట్టు వదులై జారుతుంది. మొత్తం మీద నారికి 20, 30 మెలికలుంటే బాగుంటుంది. నాలుగైదే ఉంటే పోగులు చెదిరి పట్టీలా పరుచుకుంటాయి. మెలికలు పెట్టి పెట్టి నారి ముడిపడి ఉండలు కడుతుంటే ఆ నారి మీ విల్లుకు పొడుగైందని అర్థం, మార్చాలి.

మెలికలు పెట్టాక బాణం తగిలించే గుర్తును కూడా ఒకసారి చూసుకోండి. పిడి దగ్గర బాణం ఆనే చోటి నుంచి నారికి లంబంగా గీత గీస్తే దానికి పావు అంగుళం పైన ఆ గుర్తు ఉండాలి. ఇది మొదలుపెట్టే కొలత, తరువాత బాణం పోయే తీరును బట్టి వెంట్రుకవాసి అటూ ఇటూ.

అమ్మాయి విల్లు మళ్లీ ఎనిమిదిన్నరకు వచ్చింది. ఇప్పుడు వదిలితే శబ్దం వినండి. "టప్". అంతే. చేతికి తాకదు. చెయ్యి మాత్రం ఆ భయం మరిచిపోవడానికి ఇంకో వారం తీసుకుంటుంది, ఆ వారం ఓపిక పట్టాలి.

ఇక నారి మార్చాల్సి వస్తే. లింబ్ మీద చిన్న అక్షరాల్లో విల్లు పొడవు, బరువు రాసి ఉంటాయి. రికర్వ్‌కు నారి ఆ పొడవు కన్నా 4 అంగుళాలు తక్కువ. అంటే 66 విల్లుకు 62, 68 విల్లుకు 64. చాలామంది మోసపోయేది ఇక్కడే, 66 విల్లుకు 66 నారి తెచ్చుకుంటారు. దుకాణంలో మాత్రం విల్లు పొడవే చెప్పి, "దీనికి సరిపడే నారి" అని అడగండి. ఎందుకంటే ప్యాకెట్ మీద రాసింది విల్లు పొడవా, నారి పొడవా అన్నది తయారీదారును బట్టి మారుతుంది. ఇంటికి తెచ్చాక కొలవండి.

పోగుల లెక్క కూడా అడగాలి. డాక్రాన్‌లో 20 నుంచి 30 పౌండ్ల విల్లుకు 8 పోగులు, 25 నుంచి 35కి 10, 35 నుంచి 45కి 12, 45 నుంచి 55కి 14. ఎక్కువ పోగులుంటే గట్టిదని పిల్లల విల్లుకు 14 పోగుల నారి కట్టకండి. బరువైన నారి బాణం వేగాన్ని తగ్గిస్తుంది, పైగా బాణం తోక గాడిలో ఇరుక్కుంటుంది. ఫాస్ట్‌ఫ్లైట్ లాంటి సాగని దారాలూ వస్తాయి. బాణం వేగంగా పోతుంది, నిజమే. కానీ ఆ దెబ్బంతా లింబ్ కొసల మీద పడుతుంది. కొసలు గట్టిపరచని పాత విళ్లకు, చవక విళ్లకు అవి వద్దు. నేర్చుకునే పిల్లలకు డాక్రానే మేలని నా అభిప్రాయం. సాగుతుంది, కానీ విల్లును కాపాడుతుంది.

తోక పట్టు సరిగ్గా ఉందో లేదో ఇట్లా చూడండి. బాణాన్ని నారికి తగిలించి మొన నేలవైపు వేలాడదీయండి. తన బరువుకు తానే పడిపోకూడదు. నారి మీద వేలితో ఒక్కటి తడితే పడిపోవాలి. తట్టినా పడకపోతే బిగుతు. తట్టకముందే పడితే వదులు. వదులు ప్రమాదకరం. నారి లాగుతుండగా తోక జారితే బాణం లేకుండానే నారి వదిలినట్టు అవుతుంది. బాణం మోసుకుపోవాల్సిన బలమంతా తిరిగి లింబ్‌ల మీదికే వస్తుంది. అవి పగలొచ్చు, నారి తెగి ముఖానికి కొట్టొచ్చు. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు "ఒకసారి లాగి చూస్త" అని వట్టి నారి వదులుతారే, అదీ ఇదే. ఎవరికీ అట్లా ఇవ్వకండి. ఒకవేళ జరిగితే, నారి దించి దూది ఉండతో లింబ్‌ల మీద రెండు వైపులా మెల్లగా రాయండి. ఎక్కడ దూది పోగు చిక్కుకుంటే అక్కడ చీలిక ఉన్నట్టు. ఆ లింబ్ మళ్లీ వంచకూడదు.

నారి మైనం సంగతి రెండు మాటల్లో. నారి మీద నూగు లేస్తే, వేళ్లకు పొడిగా తగిలితే, తేనెమైనంతో చేసిన నారి మైనం రాయండి. రాసి, వేళ్ల మధ్య పట్టి వేడెక్కేదాకా రుద్దండి, లోపలి పోగుల్లోకి దిగుతుంది. నడుమ దారపు చుట్టు మీద వద్దు. కొవ్వొత్తి మైనం పెళుసు, రాలిపోతుంది. కొబ్బరినూనె దుమ్ము పట్టిస్తుంది. ఒక్క పోగు తెగినా సరే ముడి వెయ్యకండి, నారి మార్చండి. ఎక్కువగా అరిగేది కొసల ఉచ్చుల్లో, బాణం తగిలే చోటా. చూపు అక్కడ పెట్టండి.

మన ఎండల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. రామగుండం ఎండ ఎట్లుంటదో మీకు నేను చెప్పాలా! లింబ్ అంటే చెక్క, ఫైబర్ పొరలను జిగురుతో అతికించినది. మే నెలలో తలుపులు మూసిన కారులో ఆ జిగురు మెత్తబడుతుంది, పొరలు విడిపోతాయి, లింబ్ మెలిపడుతుంది. విల్లును కారులో వదలకండి. ఇంట్లో ఒక మూలకు కొస ఆనించి నిలబెట్టకండి, కింది లింబ్ మెల్లగా వంకరపోతుంది. నారి దించి, పాత నూలు చీరతో కుట్టిన సంచిలో పెట్టి, అడ్డంగా పడుకోబెట్టండి. వానాకాలంలో ప్లాస్టిక్ సంచి వద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. విడిగా దాచే నారిని మూత ఉన్న డబ్బాలో పెట్టండి, ఎలుకలు కొరకకుండా.

నారి దించడం మనకు కొత్త సంగతి కాదు. శివధనుస్సు జనకుడి ఇంట ఎక్కుపెట్టి లేదు కదా, రాముడే నారి ఎక్కించి లాగాడు, నడిమికి విరిగింది. ఏటా సీతారాముల కల్యాణం నాడు మనం వినే కథలోనే ఈ పాఠం ఉంది: పని లేనప్పుడు విల్లుకు నారి ఉండకూడదు. ఎక్కించేటప్పుడు మాత్రం కాళ్ల మధ్య పెట్టి వంచే పాత పద్ధతి రికర్వ్‌కు వద్దు, లింబ్ మెలిపడుతుంది. స్ట్రింగర్ అనే తాడు దొరుకుతుంది, రెండు కొసలకూ తొడుగులుంటాయి. దాన్ని పాదంతో తొక్కి పిడిని పైకి లాగితే రెండు లింబ్‌లూ సమంగా వంగుతాయి. విల్లుతో పాటే దాన్నీ కొనండి.

కొందరు క్రాస్‌బో కూడా కొంటున్నారు. కర్రకు అడ్డంగా విల్లు బిగించి, మీట నొక్కితే బాణం పోయేది. పిల్లల చేతికి అది తగదు. 150 పౌండ్లు, అంతకు మించిన బరువు ఉండేవి మామూలు. కప్పీలున్న రకానికి నారి చేత్తో మార్చలేము, ప్రెస్ అనే విల్లు వంచే యంత్రం మీద బిగించి మార్చాలి. తయారీదారు చెప్పిన పొడవు నారే వెయ్యాలి. నారి జారే పట్టాల మీద దాని కోసం అమ్మే నూనె ఒక చుక్క. పట్టుకునే చేతి బొటనవేలు ఎప్పుడూ పట్టాల గీతకు కిందనే ఉండాలి, పైకి వస్తే నారి దాన్ని వదిలిపెట్టదు.

ఏ విల్లైనా సరే, అడవి దారిలో జాగ్రత్త. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధాలంటూ చెప్పిన వాటిలో విల్లు, బాణాలూ ఉన్నాయి. ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి. ఏటూరునాగారం, పాఖాల, కవ్వాల్ వైపు విహారానికి పోతూ డిక్కీలో విల్లు వేసుకోకండి. అది ఇంట్లోనే ఉండనివ్వండి.

సమయం దగ్గరపడింది. రేపు పొద్దున చేయగలిగే పని ఒక్కటి చెప్తాను. విల్లు ఎక్కుపెట్టి బ్రేస్ హైట్ కొలవండి. పిడి లోపలి వైపు చిన్న తెల్ల టేపు ముక్క అంటించి, ఆ అంకె, పక్కన తేదీ, బాల్ పెన్నుతో రాయండి. మైదానానికి పోయిన ప్రతిరోజూ మొదటి బాణానికి ముందు మీ అమ్మాయినే కొలవనివ్వండి. కొలత పావు అంగుళం తగ్గితే ఐదు మెలికలు. కొత్త నారి కట్టినప్పుడు మొదటి వంద బాణాలదాకా ప్రతి ఇరవై బాణాలకూ ఒకసారి కొలవండి. అది స్థిరపడ్డాక పాత టేపు పీకేసి కొత్త అంకె రాయండి.

నమస్కారం.