పాత జిప్సీ రివ్యూ: బానెట్ ఎత్తకండి, ముందు చక్రాల వెనక్కి చూడండి

అందరికీ నమస్కారం. వెనకాల కనిపిస్తోంది కదా, మారుతి జిప్సీ కింగ్, ఎంపీఎఫ్‌ఐ, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందే రకం, గుడ్డ టాపు. ఇది డ్రైవ్ రివ్యూ కాదని ముందే చెప్పేస్తున్నా. మైలేజీ ఎంత, టాప్ స్పీడ్ ఎంత అనేవాళ్లు ఇక్కడే స్కిప్ కొట్టేయొచ్చు, నేనేమీ అనుకోను. ఈ బండిని మనమే విప్పుకుని, మనమే బిగించుకుని నడుపుకోగలమా? ఏ పని మన వాకిట్లో అవుతుంది, ఏ పనికి షెడ్డుకి పోవాలి? ఇవాళంతా అదే.

నా తీర్పు కూడా ముందే పెట్టేస్తా. సెకండ్ హ్యాండ్ జిప్సీ చూడ్డానికి వెళ్లినవాళ్లు నేరుగా బానెట్ ఎత్తి ఇంజిన్ సౌండ్ వింటారు. ఈ బండిలో అన్నిటికన్నా తేలిగ్గా బాగయ్యేది ఆ ఇంజినే. డబ్బూ ఓపికా తినేది ముందు యాక్సిల్, అంటే ముందు చక్రాలు రెంటినీ కలిపే ఇరుసు. కొనాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది, మనం చెయ్యి పెట్టి బాగు చేసుకోదగ్గ పని కూడా అక్కడే ఉంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జిప్సీ మన దేశంలోకి 1985లో వచ్చింది, 970 సీసీ చిన్న ఇంజిన్‌తో. 1996లో 1.3 లీటర్ ఇంజిన్‌తో జిప్సీ కింగ్, 2000లో దానికే పదహారు వాల్వుల ఎంపీఎఫ్‌ఐ, 80 హార్స్‌పవర్. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. మన పోలీసు స్టేషన్ల ముందు, నల్లమలలో ఫర్హాబాద్ సఫారీ దారిలో చూసే ఉంటారు. కింద నిచ్చెన ఛాసిస్, నాలుగు మూలలా కమాన్ పట్టీలు, ముందూ వెనకా గట్టి యాక్సిల్. గుడ్డ టాపు బండి బరువు టన్నుకి లోపే. స్కానర్ పెడితేగానీ తెలియని రోగాలు దీంట్లో చాలా తక్కువ. కంటితో చూసి, చేత్తో ఊపి పట్టుకోగలం.

ఇంజిన్ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఇది ఎస్టీమ్ కుటుంబం ఇంజినే, కాబట్టి సామాను దొరక్క ఆగిపోవడం ఉండదు. రాణిగంజ్‌లో అడిగినా, విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా కొట్టువాళ్లు ముఖం చిట్లించరు. వాల్వుల్ని సమయానికి తెరిచి మూసేలా చేసేది దీంట్లో టైమింగ్ చైన్ కాదు, బెల్టు. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే అమ్మేవాడి నోటిమాట నమ్మకుండా మార్చేయండి, వాటర్ పంపు కూడా అప్పుడే చూసుకోండి. ఇంకోటి, పెట్రోలు గొట్టాలు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండి రబ్బరు తయారైన రోజుల్లో ఆ ఊసే లేదు. గొట్టం వంచి చూడండి, పగుళ్లు కనిపించినా, జిగటగా తగిలినా ఆ రోజే మార్చండి. నెలల తరబడి కదలకుండా నిలబెట్టే బండైతే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచొద్దు, ఇథనాల్ గాలిలో తేమ లాగుతుంది. ఇంజిన్‌కి ఇది చాలు.

ఇప్పుడు అసలు సబ్జెక్టు. జిప్సీ ఉన్న ప్రతివాడికీ తెలిసిన జబ్బు, వాబ్లింగ్. బాగానే పోతుంటారు, అరవై దాటాక చిన్న గుంటలో పడుతుంది, అంతే, స్టీరింగ్ చేతుల్లో గిలగిలా కొట్టుకుంటుంది. బ్రేకు కొట్టి స్పీడు తగ్గిస్తేగానీ ఆగదు. దీనికి బయట అందరూ చెప్పే మందు, ఆ ఊపుని అణిచే స్టీరింగ్ డ్యాంపర్. ఉంటే కొత్తది, లేకపోతే తెచ్చి తగిలించడం. ఊపు తగ్గుతుంది, కాదనను. కానీ అరిగింది అరుగుతూనే ఉంటుంది, మీకు తెలియడం మాత్రం మానేస్తుంది. డ్యాంపర్ అమ్మేవాళ్ల మీద నాకు కోపం లేదు, అది ఆఖరున వేయాల్సిన సామాను, మొదట వేస్తున్నారు.

ముందు టైర్ల గాలి, బ్యాలెన్సింగ్ చూసుకోండి, అక్కడే తేలిపోతే మంచిదే. తర్వాత ఇంజిన్ ఆపి, కింద ఒకరు పడుకుని పైన ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా తిప్పండి. స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీలుంటాయి, ఆ టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్ దగ్గర, స్టీరింగ్ బాక్స్ దగ్గర, కమాన్ పట్టీని ఛాసిస్‌కి తగిలించే షాకిల్ బుష్‌ల దగ్గర ఎక్కడ ఆట, అంటే వదులు, ఉందో కంటికే కనబడుతుంది. అవన్నీ బాగుంటే చక్రం లేపండి. బావా, కెమెరా కిందకి దించు ఒకసారి. వెనక చక్రాలకి అడ్డు పెట్టాను చూడండి, జాకీ మీద వదిలేయకుండా ఛాసిస్ కింద స్టాండ్ కూడా పెట్టాను. ఇటుకలు పెట్టొద్దండీ, దయచేసి. ఇటుక ముందుగా చెప్పి పగలదు.

చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి పట్టి ఊపండి. ఆడుతోందా? ఇప్పుడు లోపల ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. మళ్లీ ఊపండి. ఆట పోయిందంటే తప్పు చక్రం బేరింగ్‌ది. బ్రేకు తొక్కినా అలాగే ఆడుతోందంటే కింగ్‌పిన్ బేరింగ్, అంటే చక్రం ఏ పిన్‌ల మీద పక్కకి మళ్లుతుందో వాటి బేరింగ్. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, బండి కొనడానికి వెళ్లినప్పుడు కూడా చేయొచ్చు. అమ్మేవాడు వద్దంటే, అదీ ఒక జవాబే.

ఆ గుండ్రటి బంతిలాంటి భాగం చూశారా, యాక్సిల్ చివర? దాని చుట్టూ తిరిగేది నకిల్. పైనొక కింగ్‌పిన్, కిందొకటి, ఒక్కోదానికి నాలుగు బోల్టులు, లోపల ఒక్కో టేపర్ బేరింగ్. అంటే పక్కకి రెండు, మొత్తం నాలుగు. చక్రం తిరిగేటప్పుడు ఈ బేరింగ్ పూర్తిగా చుట్టూ తిరగదు, ఒకే చోట అటూ ఇటూ కదులుతుంది. అందుకే రోలర్లు ఒకే చోట నొక్కి నొక్కి రేస్ మీద, అంటే అవి దొర్లే ఉక్కు రింగు మీద, గాట్లు పెడతాయి. గ్రీజు ఎండిపోయి నీళ్లు చేరితే ఇంకా తొందరగా. పాత రేస్ మీద వేలు పెట్టి రాస్తే ఆ గాట్లు గోటికి తగులుతాయి.

విప్పే వరస చెబుతా. ముందు యాక్సిల్ గేర్ ఆయిల్ దింపేయండి, లేకపోతే షాఫ్ట్ లాగగానే నేలంతా ఆయిలే. చక్రం, తర్వాత కాలిపర్, అంటే బ్రేకు డిస్క్‌ని నొక్కిపట్టే భాగం. కాలిపర్‌ని బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కమాన్‌కి కట్టండి. లాక్ నట్, చక్రం బిగించే హబ్, ఆ హబ్‌ని మోసే స్పిండిల్ బోల్టులు, యాక్సిల్ షాఫ్ట్ బయటికి. లాక్ నట్‌కి నాలుగు పళ్ల ప్రత్యేకమైన సాకెట్ కావాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి విప్పేవాళ్లు షెడ్డుల్లో ఇప్పటికీ ఉన్నారు. నట్ పళ్లు పోతాయి, బిగింపు సరిగా రాదు, నెల తిరక్కుండా చక్రం బేరింగ్ పాట పాడుతుంది. సాకెట్ కొనుక్కోండి. టై రాడ్ ఎండ్ విప్పి, వెనక సీల్ పట్టీ బోల్టులు తీసి, ఆఖరున కింగ్‌పిన్‌లు. ఏది పైది, ఏది కిందిది, దాని కింద షిమ్‌లు, అంటే పల్చటి రేకు బిళ్లలు, ఎన్ని ఉన్నాయి, అన్నీ గుర్తు పెట్టి వేర్వేరు కవర్లలో వేయండి. కింది పిన్ లాగగానే బేరింగ్ జారి కిందపడుతుంది, కింద చెయ్యి అడ్డం పెట్టండి.

ఇంతదాకా వచ్చాక లోపలి యాక్సిల్ ఆయిల్ సీల్ మార్చకుండా మూసేయొద్దు. అది పోతే గేర్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చి గ్రీజుని కరిగించి బంతి మీదుగా కారుతుంది. బంతి మీద పల్చగా గ్రీజు పూత ఉంటే కంగారు పడక్కర్లేదు, ఉండాల్సిందే. బొట్లుబొట్లుగా కారుతూ గంధకం వాసన వస్తే అది గేర్ ఆయిల్. కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతోందంటే యాక్సిల్ పైన ఉన్న బ్రీదర్ చూడండి. అది మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన గాలి ఎటూ పోలేక సీల్‌ని నెట్టుకుని బయటికి వస్తుంది. వాగు దాటేటప్పుడు చల్లబడి నీళ్లని లోపలికి లాగుతుంది కూడా. ఆయిల్ దింపినప్పుడు పాలు కలిపిన టీ రంగులో ఉందంటే నీళ్లు చేరినట్టే.

బేరింగ్ నంబర్ రేస్ మీదే కొట్టి ఉంటుంది, పాతది జేబులో వేసుకుని బేరింగ్ కొట్టుకి వెళ్లండి. ఇక్కడ పొదుపు చేయొద్దు. డూప్లికేట్ వేస్తే ఈ పనంతా మళ్లీ మొదటికి.

ఇప్పుడు బిగింపు. షెడ్డులో ఎక్కువమంది షిమ్‌ల గురించి పట్టించుకోరు, ఎన్ని వచ్చాయో అన్నీ పెట్టి బిగించేస్తారు. కొత్త బేరింగ్‌కి పాత లెక్క సరిపోవాలని లేదు. కింగ్‌పిన్‌లు బిగించాక, వెనక సీల్ పెట్టకముందే, టై రాడ్ రంధ్రానికి స్ప్రింగ్ కాటా కొక్కెం తగిలించి అడ్డంగా లాగండి. పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గర ఉంటుందే, ఆ కాటానే, కాకపోతే చిన్న బరువులు సరిగ్గా చూపించేది. నకిల్ కదలడం మొదలయ్యేటప్పుడు ముల్లు ఒక కిలోకీ, కిలో ఎనిమిది వందలకీ మధ్య ఉండాలి. తక్కువ చూపిస్తే ఒక షిమ్ తీయండి, బిగువు పెరుగుతుంది. ఎక్కువ చూపిస్తే ఒకటి కలపండి. మరీ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. దీనికి అసలే పవర్ స్టీరింగ్ లేదు, భుజాలు మీవే.

మిగతావి వరసగా చెప్పేస్తా. గేర్ ఆయిల్ మార్చేటప్పుడు ముందు నింపే బోల్టు విప్పండి, అది ఊడింది అనుకున్నాకే కింద దింపే బోల్టు జోలికి పోండి. ముందు యాక్సిల్‌కి సుమారు రెండు లీటర్లు, వెనక దానికి లీటరున్నర. ఆయిల్ గ్రేడు చూసి పోయండి, యాక్సిల్‌లో జీఎల్-5, గేర్‌బాక్స్‌లో జీఎల్-4. గేర్‌బాక్స్ లోపల గేరు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులుంటాయి, వాటికి జీఎల్-5 పడదు. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు కింద టక్కుమంటే, చక్రాల వైపు శక్తి మోసే షాఫ్ట్‌ల కీళ్లలో ఉండే జాయింట్ క్రాస్‌లు చూడండి. దీనికి షాఫ్ట్‌లు మూడు, ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి, గేర్‌బాక్స్‌కీ, శక్తిని ముందు వెనక యాక్సిల్‌లకి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ మధ్య పొట్టిది ఇంకోటి. ఆ పొట్టిదాన్ని అందరూ మరిచిపోతారు. అలాగే ట్రాన్స్‌ఫర్ కేస్ మోసే రబ్బరు మౌంట్లు. అవి చితికిపోతే క్రాస్‌లు మార్చినా శబ్దం పోదు.

ఇంట్లో చేయొద్దనేవి కూడా చెప్పాలి. యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల జత, అదే క్రౌన్ పినియన్ సెట్టింగ్, దానికి కొలతలూ అనుభవమూ రెండూ కావాలి. గేర్‌బాక్స్ లోపలి పని. ఛాసిస్ వెల్డింగ్. ముఖ్యంగా ఛాసిస్. కాకినాడ, విశాఖ వైపు ఉప్పుగాలి తిన్న బండ్లకి వెనక కమాన్ షాకిల్ దగ్గర, బాడీ మౌంట్ల దగ్గర లోపలినుంచి తుప్పు తింటుంది. పైన నల్ల అండర్‌కోట్ మెరుస్తూ ఉంటుంది. స్క్రూ డ్రైవర్ వెనక వైపుతో కొడుతూ పోండి, ఖంగున మోగాలి. దబ్‌మంటే ఆ నలుపు కింద ఇనుము లేదు. ఫ్లోర్‌కి, అద్దం ఫ్రేముకి తుప్పున్నా పర్లేదు, డెంటింగ్ వాళ్లు చూసుకుంటారు. ఛాసిస్‌కి ఉంటే మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా వదిలేయండి.

కాగితాలు. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవాలి, అదీ ఐదేసి ఏళ్లకే. జిప్సీల్లో డీజిల్ ఇంజిన్ ఎక్కించినవి చాలా తిరుగుతున్నాయి. ఆర్‌సీలో పెట్రోలు అని ఉండి కింద డీజిల్ ఉంటే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అది కుదరదు, ఆ తలనొప్పి కొన్నవాడిదే అవుతుంది. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు మీరే చదివి ఆర్‌సీతో పోల్చుకోండి, ఫొటో పంపితే ఒప్పుకోవద్దు.

మరి ఎవరు కొనాలి? రోజూ ఆఫీసుకి వెళ్లడానికైతే వద్దు. వెనక సీట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఊరెళ్దామనుకుంటే అసలు వద్దు, కమాన్ పట్టీల దెబ్బకి నడుములు పోతాయి. ఇంట్లో ఇంకో బండి ఉండి, ఆదివారం చేతులకి గ్రీజు అంటితే బాధపడనివాళ్లకి, మారేడుమిల్లి మట్టిదారుల్లో తిరగాలనుకునేవాళ్లకి మాత్రం తీసుకోమనే చెబుతా. అరిగిన కింగ్‌పిన్ ఉన్న బండైనా తీసుకోండి, ఛాసిస్ గట్టిగా ఉంటే చాలు. ఆ ఆట చూపించి బేరం ఆడండి, బేరింగ్‌లూ సీళ్లూ మీరే వేసుకోండి.

ఒక్క విషయం మిగిలింది. ఫోర్ వీల్ పనిచేస్తుందో లేదో అని తారు రోడ్డు మీద వేసి గుండ్రంగా తిప్పకండి. ముందు వెనక యాక్సిల్‌లని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ దీనికి మధ్యలో లేదు, ఎండిన రోడ్డు మీద షాఫ్ట్‌లు మెలిపడి బిగుసుకుంటాయి. పొలం గట్టు పక్కనో, ఇసుకలోనో వేసి చూడండి. బేరానికి వెళ్లే ముందు రోజు ఫోన్ చేసి, బండి కడిగించొద్దని చెప్పండి. కడిగేస్తే ఆ బంతి మీద ఏం కారుతోందో మీకు కనిపించదు.