అన్నది ఒకటి, వినపడింది ఇంకొకటి

(తెర మీద: రాత్రి పది, కావలి దగ్గర ఒక ఇల్లు. బైక్ ఆగిన చప్పుడు.)

"ఏంది బావా, ఇంత పొద్దుపోయింది?"

"నేనేమన్నా ఊరికే తిరిగొస్తున్నానా? చెరువు కాడ ఏరేటర్ ఆగిపోయింది!"

(ఏరేటర్ అంటే చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం.) ఆమె భయపడి అడిగింది. ఆయనకు అది నిలదీసినట్టు వినపడింది. రొయ్యల చెరువులున్న మన ఊళ్లలో ఇలాంటివి ఎన్ని చూశామో! తప్పెవరిదని తీర్పు చెప్పేముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ రెండు మాటల మధ్య ఏం జరిగిందో కొలిచినవాళ్లు ఉన్నారు.

1970ల్లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ బృందం ఒక టేబుల్ తయారు చేసింది. భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుంటారు, ఒకసారికి ఒకరే మాట్లాడాలి. మాట పూర్తవగానే అన్నవాళ్లు తమ ఉద్దేశం ఎలాంటిదో, విన్నవాళ్లు అది తమకెలా తగిలిందో బటన్ నొక్కి చెప్తారు. చాలా చెడ్డ నుంచి చాలా మంచి దాకా చెరో ఐదు బటన్లు. తేలిందేంటంటే, గొడవలున్న జంటల ఉద్దేశాలు మిగతా జంటల ఉద్దేశాలకంటే చెడ్డవేం కాదు, కానీ అవతలివాళ్లకు చేరేసరికి ఆ మాట అనుకున్నదానికంటే చేదుగా మారిపోయింది. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఇద్దరూ మంచిగానే మొదలుపెట్టి ఇద్దరూ గాయపడుతున్నారు.

తర్వాత గాట్‌మన్, ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ లెవెన్‌సన్ కలిసి వీడియో వాడారు. జంట మాట్లాడుకుంటుంటే గుండె వేగం, చెమట కొలిచారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, వాళ్ల వీడియోనే చూపిస్తూ, ఆ క్షణంలో ఎలా అనిపించిందో ఒక డయల్ తిప్పి చెప్పమన్నారు. చూస్తున్నప్పుడు కూడా ఒంట్లో అప్పటి మార్పులే మళ్లీ కనిపించాయి! అంటే ఆ గొడవ ఒంట్లో ఇంకోసారి జరిగినట్టే.

ఇప్పుడైతే ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. రోజు మొత్తంలో అప్పుడప్పుడూ కొన్ని సెకన్లు మాత్రమే రికార్డు చేసే పరికరాలున్నాయి, వద్దనుకున్నవి పరిశోధకులు వినకముందే చెరిపేయొచ్చు. ఆ హక్కు ముఖ్యం. ఇంట్లో మనిషి మాటలు తెలియకుండా రికార్డు చేయడం పరిశోధన కాదు, ద్రోహం.

మీరు చేయాలంటే మెషిన్ అక్కర్లేదు, రెండు చీటీలు చాలు. అన్నాలయ్యాక పది నిమిషాలు మాట్లాడుకోండి, ఒక్కో మాటకు అన్నవాళ్లు తమ ఉద్దేశానికి, విన్నవాళ్లు అది తగిలిన తీరుకు ఒకటి (చాలా చెడ్డ) నుంచి ఐదు (చాలా మంచి) దాకా అంకె రాసి ఒకేసారి తిప్పండి. ఆమె చీటీలో నాలుగు, ఆయన చీటీలో ఒకటి ఉంటే అక్కడ ఆగండి.

"అప్పుడు నీ మనసులో ఏముండింది?"

"ఫోనన్నా ఎత్తకపోతివే బావా, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు."