ఒక్కడే ఓడించాడు: డాన్ గేబుల్ మల్లయోధుడి నుంచి కోచ్ దాకా

[విజువల్: నల్ల తెర. మధ్యలో రెండు అంకెలు: 181 – 1]

నమస్తే. రెజ్లింగ్ అనగానే మనలో చాలామందికి డబ్ల్యూడబ్ల్యూఈ గుర్తొస్తుంది. కుర్చీతో కొట్టడం, రింగు బయటికి విసిరేయడం లాంటివి. ఈ వీడియో దాని గురించి కాదు. ఇది అసలు కుస్తీ గురించి. మ్యాట్ మీద ఇద్దరు దిగుతారు, ఒకరి వీపు నేలకు తగిలేదాకా పట్టు పడతారు.

స్క్రీన్ మీద ఉన్న అంకెలు డాన్ గేబుల్‌వి. హైస్కూల్లో 64 బౌట్లు ఆడి 64 గెలిచాడు. కాలేజీలో వరసగా 117 గెలిచాడు. ఆ తర్వాత చిట్టచివరి బౌట్ ఓడిపోయాడు. ఆయన గురించి ఎక్కడ చదివినా ఈ ఓటమి కథే ముందు వస్తుంది. మనమూ చెప్పుకుందాం, కానీ నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది తర్వాతి భాగం. గొప్ప ఆటగాళ్ళు కోచ్‌లుగా తేలిపోవడం మనం ఎన్నిసార్లు చూడలేదు? ఈయన మాత్రం 21 సీజన్లలో ఒకే యూనివర్సిటీకి 15 జాతీయ టైటిళ్ళు తెచ్చిపెట్టాడు. ఎలా?

[విజువల్: అమెరికా మ్యాప్. మధ్యలో అయోవా రాష్ట్రం. వాటర్‌లూ, ఏమ్స్, అయోవా సిటీ చుక్కలు]

అయోవా అంటే మొక్కజొన్న చేలు, పందుల ఫారాలు, చలికాలంలో గడ్డకట్టే మంచు. అక్కడ పెద్ద సినిమా హీరోలు లేరు, పెద్ద క్రికెట్ లాంటిదీ లేదు. కుస్తీ ఉంది. కాలేజీ కుర్రాళ్ళ బౌట్లకు వేలమంది టికెట్ కొనుక్కుని వస్తారు. గేబుల్ 1948లో వాటర్‌లూ అనే ఊళ్ళో పుట్టాడు. ట్రాక్టర్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు అది.

1964లో, డాన్‌కు 15 ఏళ్ళప్పుడు, ఆ ఇంట్లో ఘోరం జరిగింది. తల్లిదండ్రులు, డాన్ ఊరెళ్ళి ఉండగా, 19 ఏళ్ళ అక్క డయాన్‌ను పొరుగు కుర్రాడు ఇంట్లోనే హత్య చేశాడు. అమ్మానాన్నలు ఇక ఆ ఇంట్లో ఉండలేమన్నారు. ఇల్లు వదలొద్దని పట్టుబట్టింది డానే. అక్క గదిలోకి తన మంచం మార్చుకున్నాడు. ఆ ఇంటిని నిలబెట్టిన వాటిలో అతని కుస్తీ కూడా ఒకటి. గేబుల్ అంత మొండిగా ఎందుకు సాధన చేసేవాడో అడిగేవాళ్ళకు ఆయనే ఈ సంగతి చెబుతూ వచ్చాడు. నేను దీని మీద ఇంకా మాట్లాడను.

[విజువల్: 1970, ఎవాన్‌స్టన్. స్కోర్‌బోర్డు: ఓవింగ్స్ 13, గేబుల్ 11]

1970 మార్చి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో జాతీయ కాలేజీ ఫైనల్, 142 పౌండ్ల విభాగం. అంటే దాదాపు 64 కిలోలు. గేబుల్ అయోవా స్టేట్ యూనివర్సిటీ తరఫున ఆడుతున్నాడు. అవతల వాషింగ్టన్ యూనివర్సిటీ కుర్రాడు లారీ ఓవింగ్స్. గేబుల్‌ను ఓడించాలనే బరువు తగ్గి ఈ విభాగానికి వచ్చానని ఓవింగ్స్ ముందే బాహాటంగా చెప్పాడు. అందరూ నవ్వుకున్నారు.

ఓవింగ్స్ వెనక్కి తగ్గే రకం కాదు. మొదటి నుంచీ మీద పడ్డాడు. గేబుల్ తేరుకుని స్కోరు అందుకున్నాడు. కానీ చివరి నిమిషంలో ఓవింగ్స్ పట్టిన ఒక పట్టుకు గేబుల్ వీపు మ్యాట్ వైపు తిరిగింది. 13–11. అంతే, 181 విజయాల వరస తెగిపోయింది.

ఇక్కడ చాలామంది చెప్పని ముక్క ఒకటుంది. ఓవింగ్స్ ఆ తర్వాత రెండేళ్ళూ ఫైనల్‌కు వెళ్ళాడు, రెండుసార్లూ ఓడాడు. 1972 ఒలింపిక్ ట్రయల్స్‌లో, అంటే జట్టు ఎంపిక పోటీల్లో, గేబుల్‌కు మళ్ళీ ఎదురయ్యాడు. ఈసారి గేబుల్ 7–1తో గెలిచాడు.

ఓటమి తర్వాత గేబుల్ 1971లో సోఫియాలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1972 మొదట్లో సోవియట్ యూనియన్‌కు వెళ్ళి, త్బిలిసీ టోర్నీలో వాళ్ళ గడ్డ మీదే గెలిచొచ్చాడు. ఆ రోజుల్లో త్బిలిసీలో గెలవడం ఒలింపిక్స్ కన్నా కష్టమనేవాళ్ళు. ఎందుకంటే ఒలింపిక్స్‌లో ఒక్కో బరువుకు ఒక్క సోవియట్ మల్లుడే ఎదురవుతాడు, త్బిలిసీలో అరడజను మంది ఉంటారు.

మ్యూనిక్ ఒలింపిక్స్‌కు మోకాలు నొప్పితోనే వెళ్ళాడు. మొదటి బౌట్‌లోనే ప్రత్యర్థి తల తగిలి కంటి పైన చీరుకుపోయింది, కుట్లు పడ్డాయి. మొత్తం ఆరు బౌట్లు. ఆరింట్లో కలిపి ఎదుటివాళ్ళకు ఇచ్చిన పాయింట్లు సున్నా. ఆఖరి బౌట్‌లో సోవియట్ మల్లుడు రుస్లాన్ అషురలియేవ్‌ను 3–0తో ఓడించాడు. 68 కిలోల స్వర్ణం.

[విజువల్: యూనివర్సిటీ ఆఫ్ అయోవా ప్రాక్టీస్ రూమ్. గోడ నుంచి గోడ దాకా మ్యాట్]

ఇక కోచ్ కథ. చదువుకున్నది ఏమ్స్‌లోని అయోవా స్టేట్‌లో. ఉద్యోగం మాత్రం అదే రాష్ట్రంలో వాళ్ళకు బద్ధ ప్రత్యర్థి అయిన అయోవా సిటీలోని యూనివర్సిటీ ఆఫ్ అయోవాలో. అక్కడి హెడ్ కోచ్ గ్యారీ కర్డెల్‌మైర్ ఇతన్ని అసిస్టెంట్‌గా లాగేసుకున్నాడు. 1976–77 సీజన్ నుంచి గేబులే హెడ్ కోచ్. మొదటి ఏడాది టైటిల్ ఎవరు కొట్టారో తెలుసా? అయోవా స్టేట్. అంటే తన వస్తాదు హెరాల్డ్ నికోల్స్ జట్టే. ఆ మరుసటి ఏడాది నుంచి మొదలైంది అసలు దండయాత్ర: 1978 నుంచి 1986 దాకా వరసగా తొమ్మిది టైటిళ్ళు.

ఇక్కడ కాస్త లెక్క తెలియాలి. ఇది తెలియకపోతే గేబుల్ అర్థం కాడు.

[విజువల్: బోర్డు మీద పాయింట్ల పట్టిక]

కాలేజీ కుస్తీలో బౌట్ ఏడు నిమిషాలు. ఎదుటివాణ్ణి నిలబడ్డ చోటు నుంచి కింద పడేసి అదుపులోకి తీసుకుంటే, ఆ రోజుల్లో రెండు పాయింట్లు. ఇప్పుడు మూడు చేశారు. కిందపడ్డవాడు విడిపించుకుని లేస్తే వాడికి ఒకటి. పోరాడకుండా కాలక్షేపం చేస్తే ముందు హెచ్చరిక, తర్వాత ఎదుటివాడికి పాయింట్.

జాతీయ టోర్నీలో ఒక్కో మల్లుడి విజయాలు, స్థానం జట్టు ఖాతాలో పాయింట్లవుతాయి. అంతటితో అయిపోదు. ఎలా గెలిచావన్నదానికీ అదనపు పాయింట్లుంటాయి. ఎనిమిది పాయింట్ల తేడాతో గెలిస్తే జట్టుకు అదనంగా ఒకటి. 15 తేడా అయితే ఒకటిన్నర. చిత్తు చేస్తే రెండు.

గేబుల్ పట్టుకున్నది ఈ కిటుకునే. 3–2తో జాగ్రత్తగా గెలిచి చేతులు దులుపుకునేవాడు ఆయనకు నచ్చడు. బౌట్‌లో చివరిదైన మూడో పీరియడ్‌లో, అవతలివాడికి చేతులు లేవని సమయంలో, మన కుర్రాడు ఇంకా మొదటి నిమిషంలో ఉన్నట్టు మీద పడాలి. అప్పుడు 5–3 కాస్తా 12–4 అవుతుంది. పది బరువుల్లో పదిమంది ఇలా ఆడితే, ఫైనల్స్ రోజుకల్లా జట్టు పోటీ ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది.

అందుకే అయోవా ప్రాక్టీస్ రూమ్ అంత పేరు మోసింది. పట్లు నేర్పడం అన్నిచోట్లా ఉంటుంది. ఇక్కడ ఎక్కువ సమయం నిజమైన బౌట్లే. అలిసిపోయినవాడి మీదికి తాజాగా ఉన్న ఇంకో భాగస్వామి వస్తాడు, వాడు పోతే మరొకడు. వేడికి గోడల మీద చెమట కారే గది అది. గేబుల్ విజిల్ పట్టుకుని పక్కన నిలబడే కోచ్ కాదు. తనూ మ్యాట్ మీదికి దిగి, తనకన్నా బరువైన కుర్రాళ్ళతో కలబడేవాడు. దానికి ఒళ్ళు వడ్డీతో సహా వసూలు చేసుకుంది. తర్వాత మోకాళ్ళు, తుంటి కీళ్ళు మార్పించుకోవాల్సి వచ్చింది.

నా ఉద్దేశంలో ఆయన కోచ్‌గా నెగ్గడానికి అసలు కారణం ఇది: ఆయన ఆటలో మాయ తక్కువ. పుట్టుకతో వచ్చిన పాము లాంటి ఒళ్ళు కాదు. ఓపిక, వేగం తగ్గకపోవడం, ఒకదాని వెంట ఒకటి దాడి. వీటిని ఇంకొకడికి నేర్పొచ్చు. మెరుపు ప్రతిభ ఉన్నవాడు తను ఎలా చేశాడో తనే చెప్పలేడు.

అయితే అందరూ గేబుళ్ళు కారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు అమెరికా ఫ్రీస్టైల్ కోచ్ ఆయనే. పది విభాగాల్లో ఏడు స్వర్ణాలు, రెండు రజతాలు. సోవియట్ కూటమి ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించింది కాబట్టి ఈ అంకెను కాస్త తగ్గించి చూడాలి, ఒప్పుకుందాం. చూడాల్సింది మనుషుల్ని. రాండీ లూయిస్, కవలలైన ఎడ్ బనాక్, లూ బనాక్... ముగ్గురూ అయోవా కుర్రాళ్ళే, ముగ్గురికీ స్వర్ణాలు. ఇందులో లూయిస్ గేబుల్‌కు పూర్తిగా వ్యతిరేకం. రిస్క్ తీసుకుని, గాల్లో తేలే పట్లు వేసి, పాయింట్లు ఇచ్చి అంతకు రెట్టింపు రాబట్టే ఆటగాడు. అతని ఆటను గేబుల్ తన మూసలోకి నొక్కేయలేదు.

[విజువల్: అయోవా దుస్తుల మీద ‘పది’కి రోమన్ అంకె]

1987. వరసగా పదో టైటిల్ కోసం అయోవా జట్టు ఒంటి మీద రోమన్ పది వేసుకుని తిరిగింది. తీరా టైటిల్ అయోవా స్టేట్ ఎగరేసుకుపోయింది. ఆ తర్వాత మూడేళ్ళూ అయోవాకు మొండిచెయ్యే. గెలిచినవాళ్ళు తర్వాతి టైటిల్‌ను తమ సొంత ఆస్తి అనుకోవడం మొదలుపెట్టారని అప్పట్లో విమర్శలొచ్చాయి. ఆ రోమన్ అంకె చూస్తే కాదనలేం.

మళ్ళీ నిలబెట్టింది కొత్త తరం. అందులో ముందు చెప్పుకోవాల్సింది టామ్ బ్రాండ్స్, టెర్రీ బ్రాండ్స్. వీళ్ళూ కవలలే. పడగొట్టు, వదిలెయ్, మళ్ళీ పడగొట్టు. ఇదీ వాళ్ళ ఆట. వదిలినందుకు ఒక పాయింట్ పోతుంది, పడగొట్టినందుకు రెండొస్తాయి. అయోవా 1991, 92, 93ల్లో మళ్ళీ టైటిల్ కొట్టింది. 1996 అట్లాంటాలో టామ్ స్వర్ణం గెలిచాడు. అప్పటికే రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన టెర్రీ మాత్రం ట్రయల్స్‌లో కెండాల్ క్రాస్ చేతిలో ఓడి ఇంట్లో కూర్చున్నాడు. ఆ క్రాసే అట్లాంటాలో స్వర్ణం కొట్టాడు! టెర్రీకి 2000లో సిడ్నీలో కాంస్యం దక్కింది.

[విజువల్: 1997, సీడార్ ఫాల్స్. ఊతకర్రలతో గేబుల్]

1997 ఆయన చివరి సీజన్. తుంటి ఆపరేషన్ చేయించుకుని, ఊతకర్రలతో మ్యాట్ పక్కకు వచ్చాడు. జాతీయ టోర్నీ జరిగింది పుట్టిన ఊరు వాటర్‌లూ పక్కనే ఉన్న సీడార్ ఫాల్స్‌లో. ఐదుగురు అయోవా కుర్రాళ్ళు చాంపియన్లయ్యారు. జట్టు 170 పాయింట్లతో కొత్త రికార్డు పెట్టింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ తరం కుస్తీలో అందరూ గొప్పగా చెప్పుకున్న ఒక అలవాటు బరువు తగ్గడం: నీళ్ళు మానేయడం, రబ్బరు సూట్లు, ఆవిరి గదులు. 1997 చివర్లో, గేబుల్ తప్పుకున్నాక, వేర్వేరు యూనివర్సిటీల్లో ముగ్గురు కుర్రాళ్ళు ఇలా బరువు తగ్గుతూ చనిపోయారు. అప్పుడుగానీ నిబంధనలు మారలేదు. ఆ కాలపు కష్టాన్ని పొగిడేటప్పుడు ఇదీ గుర్తుండాలి.

గేబుల్ కుస్తీని మాత్రం వదల్లేదు. 2013లో ఒలింపిక్స్ నుంచి రెజ్లింగ్‌ను తీసేయాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కార్యవర్గం సిఫార్సు చేసినప్పుడు, దాన్ని కాపాడేందుకు తిరిగినవాళ్ళలో ఆయనా ఒకడు. ఆ సెప్టెంబరులో ఆట మళ్ళీ నిలబడింది. అలా నిలబడింది కాబట్టే టోక్యోలో మన రవి దహియా, బజరంగ్ పూనియా పతకాలు తెచ్చారు.

[విజువల్: పక్కపక్కన రెండు అంకెలు: 170, 172.5]

ఇక ఆ 170 రికార్డు సంగతి. అది 27 ఏళ్ళు నిలిచింది. 2024లో పెన్ స్టేట్ యూనివర్సిటీ 172.5తో బద్దలు కొట్టింది. వాళ్ళ కోచ్ కేల్ శాండర్సన్, గేబుల్ చదివిన అయోవా స్టేట్ కుర్రాడే. కాలేజీలో 159 గెలుపులు, ఓటమి ఒక్కటీ లేదు. 2004 ఏథెన్స్‌లో ఒలింపిక్ స్వర్ణం. కోచ్‌గా 2025 నాటికి పెన్ స్టేట్‌కు 12 టైటిళ్ళు తెచ్చాడు, ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. పద్ధతి మాత్రం గేబుల్‌ది కాదు. గదిలో అరుపులు తక్కువ, ఆట సరదాగా ఉండాలంటాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప కోచ్ అన్న వాదన అమెరికాలో రోజూ నడుస్తోంది. నా ఓటు ఇప్పటికి గేబుల్‌కే, కానీ శాండర్సన్ మీద వీడియో చేసేటప్పటికి మారొచ్చు. అది వచ్చే వారం.