42వ ఎపిసోడ్: క్యారేజీ మీద ఎవరి పేరు?

సరిత: నమస్కారం. ఇవాళ టాపిక్, క్యాంపస్‌లో పోయిన వస్తువుల కోసం పెట్టే ఆన్‌లైన్ పోర్టళ్లు.

నవీన్: ముందుగాల ఫోన్ సంగతి చెప్పేస్త. ఫోన్ పోతే క్యాంపస్ పోర్టల్‌ల పెట్టి కూసోవద్దు. పోలీస్ కంప్లైంట్ ఇచ్చి, ఆ కాపీతోని కేంద్ర టెలికాం శాఖ సైట్ సంచార్ సాథీల ఐఎంఈఐ నంబర్, అంటే ఫోన్ గుర్తింపు నంబర్ ఇచ్చి బ్లాక్ చేయించాలె. 15 అంకెలుంటది. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే కనిపిస్తది.

సరిత: పోయిన ఫోన్లో ఎట్లా కొడతాం రా?

నవీన్: గందుకే ఇప్పుడే కొట్టి రాసిపెట్టుకోండ్రి. ఫోన్ వచ్చిన డబ్బా మీద గూడ ఉంటది. అయిపోయింది టాపిక్.

సరిత: అవలేదు. నా క్యారేజీ.

నవీన్: టిఫిన్ డబ్బా.

సరిత: క్యారేజీ! లైబ్రరీ బయట మర్చిపోయా. పోర్టల్లో ఫారం నింపితే మర్నాడే దొరికిందని మెయిల్. తీరా వెళ్తే, ఐడీ కార్డు మీద ఒక పేరు, గిన్నె మీద ఇంకో పేరు, ఇవ్వం అన్నారు.

నవీన్: గిన్నె మీద ఎవలది?

సరిత: మా పెదమామయ్యది. అమ్మ పెళ్లిలో చదివించాడు.

నవీన్: నేనెప్పటిసంది చెప్తున్న! పేరు కొట్టించుడే అసలు సిస్టమ్. బేగంబజార్ల సామాన్ కొంటే ఆడనే కొట్టిస్తరు. ఓటీపీ లేదు, సర్వర్ డౌన్ లేదు. పక్కింటికి కూర పోయిన గిన్నె పేరు జూసుకొని వాపస్ వస్తది.

సరిత: వస్తుంది, మామయ్య ఇంటికి! చదివింపుల గిన్నె మీద ఇచ్చినవాళ్ల పేరుంటుంది గానీ వాడేవాళ్లది కాదు కదా. మా వంటింట్లో సామాను చూస్తే మేమే అద్దెకున్నామనుకుంటారు.

నవీన్: (నవ్వు) కొనుక్కున్నయి?

సరిత: కొన్నవి ఎక్కడున్నాయి, అన్నీ చదివింపులే. అయినా పోర్టల్లో అసలు లోపం వేరే. దొరికిన వస్తువుని అన్ని వైపులా ఫోటో తీసి పెట్టేస్తారు. నల్ల పవర్‌బ్యాంక్ కనబడితే నలుగురు నాదే అంటారు. ఒక గుర్తు దాచి, అది అడగాలి.

నవీన్: లేకుంటే పేరు కొట్టించాలె.

సరిత: పవర్‌బ్యాంక్ మీదా? పేలిపోద్ది!

నవీన్: సరే, ఎట్ల తెచ్చినవ్ మరి?

సరిత: అమ్మకి వీడియో కాల్ చేశా. మధ్య గిన్నె అంచున సొట్ట ఉంటుంది, చిన్నప్పుడు మెట్ల మీంచి నేనే దొర్లించా అని చెప్పింది. సెక్యూరిటీ ఆయన తిప్పి చూసి, చేతిలో పెట్టేశాడు.

నవీన్: ఇంకేం, మంచిదే కదా.

సరిత: ఏం మంచి... పోయిన సంగతి అమ్మకి తెలిసిపోయిందిగా. ఇప్పుడు పప్పు ఐస్‌క్రీమ్ డబ్బాలో పంపిస్తోంది. క్యారేజీ అటక మీద పెట్టేసింది.

నవీన్: ...నా డబ్బా తీస్కపో.

సరిత: దాని మీద ఎవరి పేరు?

నవీన్: మా మేనత్తది. కొట్టినోడు సున్నా ఎగ్గొట్టిండు.

సరిత: ఏ అక్షరం పక్కన?

నవీన్: ఆగు, తెస్త.